డెక్కకి చీలిక కూడా లేదు, మరి లోపలి లాబ్‌స్టర్ ఎలా బయటికొచ్చింది?

ప్రశ్నలపుట్ట
నమస్కారం అండి. నిన్న పిల్లల్ని తీసుకుని అక్వేరియం చూడ్డానికి వెళ్లాం. లాబ్‌స్టర్ తొట్టిలో రెండు కనిపించాయి. ఒకటి రాతి సందులో నక్కి మీసాలు ఆడిస్తోంది, ఇంకోటి ఇసుక మీద పక్కకి ఒరిగి కదలకుండా పడుంది. మా చిన్నది చచ్చిపోయిందని ఏడుపు మొహం పెట్టింది. అక్కడ పనిచేసే అబ్బాయి నవ్వి, ఉన్నది ఒకటే లాబ్‌స్టర్ అండి, కింద పడున్నది దాని కుబుసం అన్నాడు. పైకి తీసి చూపించాడు కూడా. కళ్ల మీది పొర, మీసాల కొసలు, కాళ్ల మీది నూగు, అన్నీ ఉన్నాయి. వీపు పెంకుకీ తోకకీ మధ్య తప్ప ఎక్కడా విచ్చుకోలేదు.

నా సందేహం డెక్కల గురించి, అదే, పట్టకారులా ఉండే ముందు కాళ్ల గురించి. డెక్క చూస్తే నా అరచేతంత ఉంది. అది ఒంటికి అతుక్కునే కణుపేమో చిటికెన వేలంత. డెక్క పెంకు ఎక్కడా పగల్లేదు. అంత కండ ఆ సందులోంచి ఎలా దూరింది? తెలిసినవాళ్లు చెప్పండి. అడిగితే ఆ అబ్బాయి కూడా తల గోక్కున్నాడు.

హేచరీబాబు
మాది రొయ్యల హేచరీ. మోల్టింగ్, అంటే కుబుసం విడవడం, రోజూ చూసేదే. మోల్ట్ దగ్గర పడితే మేత ముట్టవు, అయ్యాక ఒళ్లు మెత్తగా జెల్లీలా ఉంటుంది, పక్కవి పీక్కుతింటాయి. కానీ రొయ్యకి ఆ సైజు డెక్కలు లేవు కాబట్టి మీ ప్రశ్న మాకెప్పుడూ రాలేదు. మేష్టారుగారు వస్తే బాగుండు.

జువాలజీ_మేష్టారు
వచ్చాను బాబూ. మంచి ప్రశ్న వేశారు ప్రశ్నలపుట్ట గారూ. ఒక్క ముక్కలో చెప్పాలంటే, డెక్కని లాగేముందు దాన్ని ఖాళీ చేస్తుంది.

కుబుసం విడిచే రోజు రాకముందే డెక్కలోని కండ చిక్కడం మొదలవుతుంది. కండలోని ప్రోటీన్‌ని శరీరమే కరిగించుకుంటుంది. తీరా ఆ రోజు వచ్చాక డెక్కలోని నెత్తురు, నీరు కూడా ఒంట్లోకి తోడేసుకుంటుంది. అప్పుడు లోపల మిగిలేది పీలగా, మెత్తగా ఉన్న తొడుగు లాంటిది. దానికితోడు కణుపు దగ్గర పాత పెంకులోని సున్నాన్ని కూడా పీల్చేసి ఉంటుంది కాబట్టి అక్కడ పెంకు కాస్త సాగుతుంది. వీపు పెంకు నడిమిగీత కూడా ఇలాగే పలచబడుతుంది.

ఇక అసలు ఘట్టం. ఒంట్లోకి నీరు ఎక్కించుకుని ఉబ్బుతుంది. వీపు పెంకుకీ తోకకీ మధ్యనున్న పొర పగులుతుంది. మీరు చూసింది ఆ చోటే. పక్కకి ఒరిగి, ఒళ్లు మడత పెట్టి, ముందు తల భాగాన్ని, కాళ్లని, డెక్కల్ని వెనక్కి గుంజుకుంటుంది. ఆఖర్న తోక ఒక్క విదిలింపుతో ఊడి వస్తుంది. సాధారణంగా అరగంటలోపే అయిపోతుంది. డెక్క ఇరుక్కుపోతే దాన్ని తెంచుకుని అయినా బయటపడుతుంది. బయటపడలేనివి అందులోనే చస్తాయి.

ఇంకో సంగతి. ఊడేది బయటి పెంకు ఒక్కటే కాదు. గొంతు లోపలి పొర, మేతని నలిపే పళ్లతో సహా జీర్ణాశయం పొర, మొప్పల మీది పొర, అన్నీ ఆ కుబుసంతోనే పోతాయి. మళ్లీ అక్వేరియం వాళ్లు చూపిస్తే కుబుసం తల భాగంలోకి తొంగి చూడండి, ఆ పళ్లు కనపడతాయి.

ప్రశ్నలపుట్ట
మేష్టారూ, దండం. బిగుతు గాజుల్లోంచి చెయ్యి తీయడానికి వేళ్లు ముడిచినట్టు అనుకున్నాను, ఇదేమో చేతినే కరిగించుకోవడం!

అయితే దీనికి ఇదంతా చెయ్యమని ఎవరు చెప్తారు? నెలకొకసారి, ఏడాదికొకసారి అని లెక్క ఉంటుందా?

హేచరీబాబు
దీనికి నేను చెప్తా. కంటికాడలో ఉంటుంది తాళం. మేం తల్లి రొయ్యకి ఒక కంటికాడ తీసేస్తాం, ఐస్టాక్ అబ్లేషన్ అంటాం, గుడ్లు త్వరగా రావాలని. కంటికాడలోంచి వచ్చే హార్మోన్లు అటు గుడ్లనీ ఇటు మోల్టింగ్‌నీ ఆపి ఉంచుతాయి. తాళం తీసేస్తే రెండూ జోరందుకుంటాయి.

జువాలజీ_మేష్టారు
సరిగ్గా చెప్పారు. కంటికాడలోని ఎక్స్ అవయవం మోల్ట్‌ని ఆపే హార్మోన్‌ని తయారు చేస్తుంది. తల భాగంలో వై అవయవం అని ఒకటుంది, అది కుబుసం విడవమనే ఎక్డైసాన్ జాతి హార్మోన్‌ని వదులుతుంది. మొదటిది రెండోదాన్ని నొక్కిపెడుతుంది. ఆ పట్టు సడలినప్పుడు పని మొదలు. నీటి వేడి, మేత, వయసు, కడుపు కింద గుడ్లు ఉన్నాయా లేదా, వీటన్నిటినీ బట్టి ఆ రోజు ముందుకో వెనక్కో జరుగుతుంది.

లెక్క అడిగారు కదా. అమెరికన్ లాబ్‌స్టర్ మొదటి ఏడాదిలోనే దాదాపు 10 సార్లు కుబుసం విడుస్తుంది. అరకిలో బరువు రావడానికి 5 నుంచి 7 ఏళ్లు పడుతుంది, అప్పటికి 20 నుంచి 25 మోల్ట్‌లు అయిపోయి ఉంటాయి. ఆ తర్వాత ఏడాదికి ఒకటి. బాగా పెద్దవైతే రెండు మూడేళ్లకొకసారి.

నత్తగుల్ల
మధ్యలో దూరుతున్నా. మోల్ట్ అయిన ప్రతిసారీ ఎంత పెరుగుతుంది? మెల్లగా రోజూ పెరగడం అంటూ ఉండదా?

సాగరిక_బయో
పొడవు సుమారు 15 శాతం, బరువు దాదాపు సగం పెరుగుతాయి నత్తగుల్ల గారూ. అదీ కొన్ని గంటల్లో. కానీ ఆ బరువంతా నీళ్లు. పెంకు మెత్తగా ఉండగానే నీళ్లు తాగి కొత్త సైజుకి సాగదీసుకుంటుంది. పెంకు ఆ సైజులోనే గట్టిపడుతుంది. తర్వాత నెలల తరబడి ఆ నీటి స్థానంలో కండ నిండుతూ వస్తుంది. కాబట్టి స్కేలు పెట్టి కొలిచేవాడికి ఏడాదంతా ఎదుగుదల సున్నా, ఒక్కరోజు గెంతు. నిజానికి ఎదిగేది ఆ సున్నా కాలంలోనే, బయటికి కనపడకుండా.

కొత్త పెంకు గట్టిపడటానికి సున్నం కావాలి. జీర్ణాశయం గోడల్లో గ్యాస్ట్రోలిత్‌లు అని తెల్లటి బిళ్లలు ఉంటాయి. పాత పెంకులోంచి పీల్చుకున్న సున్నంలో కొంత అందులో దాస్తుంది. అది ఏ మూలకీ చాలదు. అందుకే చాలామటుకు తన కుబుసాన్ని తనే నమిలేస్తుంది. ప్రశ్నలపుట్ట గారు చూసిన తొట్టిలో వాళ్లు దాన్ని తీసేశారంటే సున్నం వేరేగా అందించాలి.

ప్రశ్నలపుట్ట
తిరిగి తొట్టిలోనే వేశాడండి.

ఇంకోటి గుర్తొచ్చింది. సందులో ఉన్నది మధ్యమధ్య తల ముందుభాగాన్ని ఇసుకలోకి గుచ్చి తిప్పుతోంది. దురదా?

సాగరిక_బయో
దురదో కాదో చూడకుండా చెప్పలేం గానీ, ఇసుకతో దానికి నిజంగానే పనుంది. చిన్న మీసాల మొదట్లో ఒక్కో గుంట ఉంటుంది, స్టాటోసిస్ట్ అంటారు. అందులో ఇసుక రేణువులు ఉంటాయి. ఒళ్లు ఒరిగితే అవి లోపలి సన్నటి రోమాల మీద ఒక పక్కకి నొక్కుతాయి, దాన్నిబట్టి ఎటు పైన, ఎటు కింద అన్నది తెలుస్తుంది. కుబుసంతో ఆ గుంట పొర, రేణువులు రెండూ పోతాయి. మళ్లీ కొత్త ఇసుక చేరాల్సిందే.

1893లో అలాయిస్ క్రైడల్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త దీన్ని అందంగా రుజువు చేశాడు. కుబుసం విడిచిన రొయ్యలకి ఇసుక బదులు ఇనుప రజను పెట్టాడు. అవి దాన్నే గుంటల్లో నింపుకున్నాయి. అప్పుడు అయస్కాంతం దగ్గరికి తెస్తే, అయస్కాంతం లాగే దిక్కే కింద అనుకుని రొయ్యలు ఒళ్లు తిప్పేశాయి.

హేచరీబాబు
ఇన్నేళ్లుగా ఇదే పనిలో ఉన్నా, ఇది ఇవాళే వినడం.

అర్ధరాత్రిపాఠకుడు
అందరూ అసలు విషయం వదిలేశారు. లాబ్‌స్టర్‌కి ముసలితనం లేదు, చావు లేదు. క్రోమోజోముల కొసలు అరిగిపోకుండా కాపాడే టెలోమెరేజ్ ఎంజైమ్ జీవితాంతం పనిచేస్తుంది. కణాలు ఎప్పటికీ కొత్తవే. ఎవరైనా చంపితే తప్ప చావదు. దీని మీద బోలెడు వీడియోలున్నాయి, కింద లింకులు ఇస్తున్నా.

చర్చానిర్వాహకులు
లింకులు తీసేశాం. చెప్పదలుచుకున్నది ఇక్కడే రాయండి.

జువాలజీ_మేష్టారు
పాఠకుడు గారూ, సగం నిజం. 1998లో జర్మన్ పరిశోధకులు లాబ్‌స్టర్ అవయవాలన్నింటిలో టెలోమెరేజ్ చురుగ్గా ఉందని చూపించారు. అంతవరకు కాదనను. కానీ ఆ ఎంజైమ్ ఉండటానికీ చావు లేకపోవడానికీ చాలా దూరం ఉంది.

పైన చెప్పిన తంతు మళ్లీ చదవండి. ఒళ్లు ఎంత పెద్దదైతే అంత పెద్ద పెంకు కట్టాలి, అంత పెద్ద డెక్కని ఖాళీ చేసి లాగాలి. సైజు పెరిగేకొద్దీ ఆ ఖర్చు పెరుగుతుంది, ప్రమాదమూ పెరుగుతుంది. పెద్దవి మోల్ట్ మధ్యలోనే శక్తి చాలక చచ్చిపోవడం మామూలే. పోనీ మోల్ట్ ఆపేస్తే? పాత పెంకుకి మరమ్మతు లేదు. గాయాలు, బ్యాక్టీరియా, పెంకు జబ్బు దాన్ని తొలిచేస్తాయి. విడిస్తే ఒక గండం, విడవకపోతే ఇంకో గండం. చావు లేకపోవడం ఎక్కడుంది ఇందులో?

అర్ధరాత్రిపాఠకుడు
సరే, అయితే ఎన్నేళ్లు బతుకుతుందో ఒక అంకె చెప్పండి. చెప్పలేరు కదా!

సాగరిక_బయో
అంకెకి వస్తాను, ముందు పుట్టుక నుంచి రానివ్వండి. ఈ చర్చలో అందరూ మధ్యలోంచి మొదలెట్టారు.

ఆడది కుబుసం విడిచిన కాసేపటికే జతకడుతుంది, ఒళ్లు మెత్తగా ఉన్నప్పుడు. అంటే అది ఎవరి చేతిలోనైనా చచ్చిపోగల సమయంలో, తనని చీల్చేయగలిగే మగదాని గుహలో ఉండాలి. అందుకని ముందే వెళ్లి గుమ్మం దగ్గర మూత్రం చిమ్ముతుంది. మూత్రం వచ్చేది తల ముందునుంచే, పెద్ద మీసాల మొదట్లోంచి. అందులోని వాసన మగదాని దుడుకుని తగ్గిస్తుంది. లోపలికి చేరి అక్కడే కుబుసం విడుస్తుంది. పెంకు కాస్త గట్టిపడేదాకా, వారం పది రోజులు, మగది కాపలా. తర్వాత ఎవరి దారి వాళ్లది. జెల్ ఆటెమా అనే పరిశోధకుడి బృందం తొట్టెల్లో గమనించిన విశేషం ఏంటంటే, ఒకే చోట ఉన్న ఆడవి ఒకేసారి మోల్ట్ కావు. ఒకదాని తర్వాత ఒకటి వంతులేసుకున్నట్టు అదే బలమైన మగదాని గుహకి వెళ్తాయి.

వీర్యాన్ని ఆడది సంచిలో దాచుకుంటుంది. నెలల తర్వాత, ఒక్కోసారి మరుసటి ఏడాది, వెల్లకిలా పడుకుని తోక దోనెలా మడిచి గుడ్లు వదులుతుంది. అవి ఆ వీర్యం మీదుగా జారి తోక కిందున్న ఈత కాళ్ల రోమాలకి అంటుకుంటాయి. చిన్నదైతే కొన్ని వేల గుడ్లు, బాగా పెద్దదైతే లక్ష దాకా. అప్పట్నుంచి 9 నుంచి 11 నెలలు మోస్తుంది. ఈత కాళ్లతో విసురుతూ గాలి అందిస్తుంది, చెడిపోయినవి గిల్లి పారేస్తుంది. మొదట ముదురాకుపచ్చగా నల్లగా ఉంటాయి. లోపలి పచ్చసొన తరిగేకొద్దీ రంగు పలచబడి, చివరికి గుడ్డులోంచి పిల్ల కళ్లు రెండు నల్ల చుక్కల్లా కనిపిస్తాయి.

గుడ్లు మోసినంత కాలం మోల్ట్ లేదు. మోల్ట్ అయితే గుడ్లు కూడా కుబుసంతో పోతాయి కదా. అందుకే పెద్దయ్యాక ఆడదాని ఎదుగుదల మగదానికంటే నెమ్మది. ఒక ఏడాది పెరగడం, ఒక ఏడాది గుడ్లు.

హేచరీబాబు
మాకు రొయ్య గుడ్డులోంచి నాప్లియస్ అనే పిల్ల దశ వస్తుంది, తర్వాత జోయియా, మైసిస్, ఆఖర్న పీఎల్, అంటే పోస్ట్ లార్వా. దీనికీ అంతేనా?

సాగరిక_బయో
లేదండి. లాబ్‌స్టర్ నాప్లియస్ దశని గుడ్డులోనే ముగించేస్తుంది. బయటికొచ్చేటప్పటికే మీ మైసిస్ పోలికలతో ఉంటుంది, పొడవు సుమారు 8 మిల్లీమీటర్లు. రాత్రిళ్లు తల్లి తోక ఎత్తి ఈత కాళ్లు జాడించి వదులుతుంది, అన్నీ ఒకేసారి కాదు, కొన్ని రాత్రులపాటు. పిల్లలు పైకి తేలి ప్లవకాల్లో, అంటే నీటిలో కొట్టుకుపోయే చిన్నచిన్న జీవుల్లో, కలుస్తాయి. మూడు దశలు అలా ఈదుతూనే. నాలుగో దశలో చిన్నసైజు లాబ్‌స్టర్ అవుతుంది, డెక్కలు ముందుకి చాచి సూటిగా ఈదుతుంది. 20 డిగ్రీల నీటిలో అక్కడికి చేరడానికి రెండు వారాలు చాలు, చల్లటి నీటిలో నెల దాటుతుంది. ఈ కాస్త తేడాయే ఎన్ని బతుకుతాయో తేల్చేది, ఎందుకంటే పైన తేలే ప్రతిరోజూ చేపల నోట్లో ఉన్నట్టే. వెయ్యిలో ఒకటి నేల చేరితే గొప్ప. తొట్టెల్లో పెంచినా సుఖం లేదు, ఒకదాన్నొకటి తినేస్తాయి.

నాలుగో దశలో కిందికి మునిగి చూస్తుంది, నచ్చకపోతే మళ్లీ పైకి. గులకరాళ్ల సందులు దొరికితే దూరిపోతుంది. అక్కడ్నుంచి మొదటి ఏడాది దాదాపు బయటికి రాదు. సందులోనే కూర్చుని ఈత కాళ్లతో నీటిని లాక్కుని, దాంతో వచ్చే ప్లవకాలతో కూడా కడుపు నింపుకోగలదు.

నత్తగుల్ల
ఈ రెండు డెక్కలు వేరువేరుగా ఉంటాయి కదా, ఒకటి లావుగా గుండుగా, ఒకటి సన్నగా పళ్లతో. పుట్టుకతోనే అంతా?

జువాలజీ_మేష్టారు
నాకు ఇష్టమైన ప్రశ్న. కాదు. నాలుగో దశలో రెండూ ఒకేలా ఉంటాయి. ఏది నలిపే డెక్క, ఏది కోసే డెక్క అన్నది ఆ దశలోనూ ఐదో దశలోనూ తేలుతుంది. 1986లో గోవింద్, పియర్స్ చేసిన ప్రయోగం చూడండి. పిల్లల్ని పట్టుకోవడానికేమీ లేని నున్నటి గిన్నెల్లో పెంచితే చాలావాటికి రెండూ కోసే డెక్కలే వచ్చాయి. ఆల్చిప్ప ముక్కలు వేస్తే ఒకటి నలిపే డెక్క అయింది. కావాలని ఒక డెక్కకి ఎక్కువ పని పెడితే ఆ పక్కదే నలిపేది అయింది. ఏది ఎక్కువ వాడితే అది. కుడో ఎడమో, సమానంగా పడతాయి.

ఒకసారి తేలాక ఇక మారదు. నలిపే డెక్క తెగిపోతే అదే పక్క మళ్లీ నలిపేదే మొలుస్తుంది, మొదట చిన్న మొగ్గలా, రెండు మూడు మోల్ట్‌లు గడిచాక అసలు సైజుకి. టపాకాయ రొయ్య అని పేలుడు చప్పుడు చేసేది ఒకటుంది, దానిలో పెద్ద డెక్క పోతే రెండో పక్కది పెద్దదవుతుంది. లాబ్‌స్టర్‌కి ఆ వెసులుబాటు లేదు.

కెరటం_రాత్రి
మీరంతా డెక్కలున్న వాటి గురించే మాట్లాడుతున్నారు. డెక్కలు లేని ముళ్ల లాబ్‌స్టర్ల బాల్యం ఇంకా వింత. గుడ్డులోంచి వచ్చేది ఫిల్లోసోమా, ఆకులా పలచగా, అద్దంలా పారదర్శకంగా, ఇంత పొడుగు కాళ్లతో. వెనకటి శాస్త్రవేత్తలు దాన్ని వేరే జంతువనుకుని వేరే పేరు పెట్టారు. రెండు వారాలు కాదు, పశ్చిమ ఆస్ట్రేలియా జాతిలో 9 నుంచి 11 నెలలు నడిసముద్రంలో కొట్టుకుపోతూనే ఉంటుంది. న్యూజిలాండ్ దగ్గరి జాసస్ జాతిలో ఏడాది దాటుతుంది. స్లిప్పర్ లాబ్‌స్టర్ల ఫిల్లోసోమాలైతే జెల్లీఫిష్‌ని పట్టుకుని దాని మీద ప్రయాణం చేస్తాయి, ఆకలేస్తే దాన్నే కొరుక్కుతింటాయి.

చివరికి ముళ్ల లాబ్‌స్టర్‌లో ప్యూరులస్ అనే దశ. రూపం లాబ్‌స్టర్‌దే, రంగు ఇంకా గాజే. దానికి నోరున్నా మేత తినదు. ఒంట్లో దాచుకున్న కొవ్వుతోనే తీరం దాకా ఈదాలి. గుడ్డు నుంచి ఇక్కడిదాకా తొట్టిలో పెంచడం 1980ల చివర్లో గానీ కుదర్లేదు, జపాన్‌లో.

హేచరీబాబు
అన్ని నెలలు లార్వా దశ అంటే హేచరీ పెట్టేవాడికి నరకమే. మాకు పీఎల్ రావడానికి రెండు వారాలు చాలు, అప్పటికే ప్రాణం పోతుంది.

కెరటం_రాత్రి
పశ్చిమ ఆస్ట్రేలియా వాళ్లు దీన్నే లాభంగా వాడుకున్నారు. 1960ల చివర్నుంచి తీరంలో కృత్రిమ నాచు కట్టలు తేలేసి, వాటిలో చేరే ప్యూరులస్‌లని లెక్కపెడుతున్నారు. ఆ లెక్కని బట్టి మూడు నాలుగేళ్ల తర్వాత వేటలో ఎన్ని పడతాయో ముందే చెప్పొచ్చు. 2008-09లో లెక్క అడుగంటింది. అవి పెరిగి వేటకి అందకముందే, చేతిలో ఉన్నవి మిగలాలని వేట బాగా తగ్గించేశారు.

అర్ధరాత్రిపాఠకుడు
అంకె ఇంకా రాలేదు సాగరిక గారూ. ఎన్నేళ్లు?

సాగరిక_బయో
మర్చిపోలేదు. చేప చెవిరాయిలోనో చెట్టు మానులోనో వలయాలు లెక్కపెడతాం. లాబ్‌స్టర్ ఒంట్లో గట్టిదనేది ఏదీ మోల్ట్ దాటి నిలవదు, అంతా ఊడిపోతుంది. అందుకే ఇది ఇంత చిక్కు. ఒక దారి మెదడు. వయసుతోపాటు నరకణాల్లో లైపోఫస్సిన్ అనే వర్ణకం పేరుకుంటుంది, మెదడు మాత్రం ఊడదు కదా. 1999లో యూరోపియన్ లాబ్‌స్టర్లలో దాన్ని కొలిచి, మగవాటి సగటు ఆయుష్షు 31 ఏళ్లు, ఆడవాటిది 54 ఏళ్లు అని అంచనా కట్టారు. ఇంకో దారి, 2012లో రవూఫ్ కిలాడా బృందం కంటికాడలోనూ జీర్ణాశయం పళ్లలోనూ సన్నటి పట్టీలు చూపించి ఇవే ఏటి వలయాలన్నారు. ఆ పళ్లు మోల్ట్‌లో పోతుంటే వలయాలు ఎలా నిలుస్తాయని మిగతావాళ్లు పట్టుకున్నారు. నా మటుకు నేను మెదడు లెక్కనే నమ్ముతాను.

అర్ధరాత్రిపాఠకుడు
మరి 1977లో కెనడాలోని నోవాస్కోషియాలో దొరికిన 20.14 కిలోల లాబ్‌స్టర్? అరకిలోకి ఏడేళ్లు అంటే దానికి 280 ఏళ్లు!

జువాలజీ_మేష్టారు
భాగహారం అలా చెయ్యకూడదు పాఠకుడు గారూ. ప్రతి మోల్ట్‌కీ బరువు సుమారు ఒకటిన్నర రెట్లు అని పైన సాగరిక గారు చెప్పారు కదా. అరకిలో నుంచి 20 కిలోలకి అలాంటి గెంతులు పది చాలు. పెద్దయ్యాక గెంతు చిన్నదవుతుంది, మధ్య ఎడం పెరుగుతుంది, కాబట్టి ఇంకొన్ని కలపండి. ఎంత కలిపినా వందల ఏళ్లు రావు. పైగా వెచ్చటి నీటిలో త్వరగా, చల్లటి నీటిలో ఆలస్యంగా పెరుగుతుంది. ఒకే సైజున్న రెండింటి వయసులో ఏళ్ల తేడా ఉండొచ్చు.

నత్తగుల్ల
వేట నియమాల్లో కనిష్ఠ సైజు ఉంటుందని తెలుసు. గరిష్ఠ సైజు కూడా ఉంటుందని ఎక్కడో చదివా. పెద్దవి ఎలాగూ పోయేవే కదా, వాటినెందుకు వదలడం?

సాగరిక_బయో
గుడ్ల కోసం. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో వీపు పెంకు 5 అంగుళాలు దాటితే పట్టకూడదు. చిన్న ఆడవాటి కొన్ని వేల గుడ్లెక్కడ, పెద్దదాని లక్ష ఎక్కడ. పైగా పెద్దది ఒకసారి దాచుకున్న వీర్యంతో రెండు విడతలు గుడ్లు పెట్టగలదు, మధ్యలో జతకట్టక్కర్లేదు.

గుడ్లతో ఉన్న ఆడది బోనులో పడితే తోక రెక్కలో వి ఆకారంలో చిన్న గంటు పెట్టి నీళ్లలో వదిలేస్తారు. తర్వాత గుడ్లు లేనప్పుడు దొరికినా ఆ గంటు చూసి వదలాల్సిందే.

ప్రశ్నలపుట్ట
గంటు కూడా పెంకుతో ఊడిపోదా?

సాగరిక_బయో
ఊడుతుంది. కొత్త పెంకు మీద గంటు కాస్త పూడి, అంచున రోమాలతో వస్తుంది. రెండు మూడు మోల్ట్‌లు గడిస్తే పోల్చుకోలేం. గుడ్లతో మళ్లీ ఎవరి బోనులోనైనా పడితే వాళ్లు కొత్త గంటు పెడతారు.